టీఎంసీకీ క్యూసెక్కుకీ తేడా తెలిస్తే సగం పుకార్లు ఆగుతాయి

పెన్నాకు వరద రాగానే "సోమశిల డ్యామ్ తెగింది, నెల్లూరు ఖాళీ చేయండి" అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. భయపడేవాళ్ళను తప్పుపట్టలేం. 2021 నవంబరులో పెన్నా ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు నిజంగానే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. కాబట్టి మెసేజ్‌ను కొట్టిపారేయకుండా లెక్క కట్టి చూడాలి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే లక్ష క్యూసెక్కులు వదిలినా రోజుకు 8.64 టీఎంసీలే. "గంటలో 20 టీఎంసీలు వదిలారు" అన్న మాట నిజం కావాలంటే 55 లక్షల క్యూసెక్కులకు పైగా పారాలి. సోమశిల నిండితేనే 78 టీఎంసీలు!

ఇంతకంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటుంది. డ్యామ్‌లోకి వచ్చే ఇన్‌ఫ్లోను, కిందికి వదిలే ఔట్‌ఫ్లోగా రాసేస్తారు. డ్యామ్‌కు దిగువనున్న సంగం, కోవూరు, ఇందుకూరుపేట వాళ్ళకు కావలసింది ఔట్‌ఫ్లో. అది కూడా ఏ రోజు, ఎన్ని గంటలకు తీసిన అంకె అన్నది ఉండాలి. టైము లేని అంకెతో ఏ ఉపయోగమూ లేదు.

పేపర్ల సంగతికొస్తే, ఒకదానిలో "అధికారుల అప్రమత్తత", ఇంకోదానిలో "ముంచేసిన నిర్లక్ష్యం" అని హెడ్డింగ్ ఉంటుంది. రెండు జిల్లా ఎడిషన్లూ పక్కపక్కన పెట్టుకుని విశేషణాలు కొట్టేయండి. గేట్లెన్ని, ఎప్పుడు ఎత్తారు, ముందుగా ఎవరికి చెప్పారు? రెండింటిలోనూ ఒకేలా ఉన్నవాటిని ముందు నమ్మొచ్చు. ఒక పేపరు అసలు రాయకుండా వదిలేసిన విషయంలోనే దాని పక్షపాతం బాగా తెలుస్తుంది. మన పార్టీ పేపరైతే ఈ పని ఇంకా గట్టిగా చేయాలి.

వీడియో వస్తే ఆపి, ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. షాపు బోర్డులు ఏ భాషలో ఉన్నాయో, బండ్ల నంబర్లు ఏ రాష్ట్రానివో చూడండి. లెన్స్‌లో ఏమీ దొరకనంత మాత్రాన అది కొత్త వీడియో అనుకోకూడదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం.

పంపింది ఇంట్లో పెద్దవాళ్ళయితే గ్రూపులో ఎత్తిచూపొద్దు. విడిగా "బాబాయ్, ఇది ఎప్పటిది? మీకెవరు పంపారు?" అని అడగండి, చాలామంది వాళ్ళే డిలీట్ చేస్తారు.

ఈ పరీక్షలన్నీ ఫార్వర్డ్ చేసే ముందు. ఊరికొచ్చి వీఆర్వోనో పోలీసులో ఖాళీ చేయమన్నప్పుడు మాత్రం లెన్స్ తెరుస్తూ కూర్చోకుండా ముసలివాళ్ళను, పిల్లలను తీసుకుని బయల్దేరండి. అనుమానముంటే దారిలో జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేయొచ్చు.