ట్రేడ్‌మార్క్ నమోదయ్యాక మిగిలే పని

వ్యాపారానికి పేరు పెట్టుకునేటప్పుడు, అమ్మే సరుకేమిటో ఆ పేరులోనే తెలిసిపోవాలని చాలామంది కోరుకుంటారు. ట్రేడ్‌మార్క్ చట్టం దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైన పేర్లు అవే. సరుకు రకాన్నో, గుణాన్నో మాత్రమే చెప్పే మాటను ఒక్కరికే కట్టబెడితే, అదే వ్యాపారంలో ఉన్న మిగిలినవారికి తమ సరుకు గురించి చెప్పుకోవడానికి మాటే మిగలదు కనుక, నమోదు కార్యాలయాలు అటువంటి దరఖాస్తులను సాధారణంగా తిరస్కరిస్తాయి. జార్జ్ ఈస్ట్‌మన్ తన కెమెరాల కోసం కల్పించిన కొడాక్ వంటి మాట మొదట్లో వింతగా వినిపించినా, కాపాడుకోవడానికి అదే సులువు. కంపెనీ పేరు నమోదైనంత మాత్రాన ట్రేడ్‌మార్క్ హక్కు రాదన్న సంగతి కూడా చాలామందికి వివాదం వచ్చాకే తెలుస్తుంది.

దరఖాస్తులో సరుకులను, సేవలను పేర్కొనడానికి 1957 నాటి నీస్ ఒప్పందం ప్రకారం ఏర్పడిన వర్గీకరణను ఎక్కువ దేశాలు పాటిస్తాయి. అందులో 45 తరగతులున్నాయి: మొదటి 34 వస్తువులకు, మిగిలిన 11 సేవలకు. దుస్తులు 25వ తరగతిలోకి, ప్రకటనల సేవలు 35వ తరగతిలోకి వస్తాయి. ఎందుకైనా మంచిదని అన్ని తరగతులకూ రుసుము కట్టేవారున్నారు కానీ, నా దృష్టిలో అది వృథా ఖర్చు. వాడని సరుకుల మీద ఆ హక్కు నిలవదు.

పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల వంటి హక్కుల రక్షణకు దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం ప్రకారం, ఒక సభ్యదేశంలో దరఖాస్తు చేసిన ఆరు నెలల్లోగా మరో సభ్యదేశంలో చేస్తే మొదటి తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. అంతర్జాతీయ నమోదుకు ఉన్న మాడ్రిడ్ పద్ధతిలో ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో రక్షణ కోరవచ్చు. అయితే మొదటి ఐదేళ్లలో స్వదేశంలోని మూల నమోదు రద్దయితే, దాని మీద ఆధారపడిన అంతర్జాతీయ నమోదు కూడా ఆ మేరకు పోతుంది.

పేటెంటుకు, కాపీరైటుకు గడువు తీరే రోజు ఒకటుంటుంది, కానీ ట్రేడ్‌మార్కును ఎన్నిసార్లయినా రెన్యూవల్ చేయించుకోవచ్చు. చాలా దేశాల్లో ఒక్కో గడువు పదేళ్లు. రుసుము కట్టడం మరిచిపోయినా పారిస్ ఒప్పందం కనీసం ఆరు నెలల వెసులుబాటు ఇస్తుంది, దానికి అదనపు రుసుము పడవచ్చు. రుసుము కడుతున్నా, గుర్తును వాడకపోతే ఎవరైనా రద్దు కోరవచ్చు. వాడకాన్ని తప్పనిసరి చేసిన దేశాలు సైతం కనీసం మూడేళ్లు నిరంతరాయంగా వాడకుండా ఉంటేనే ఆ కారణంతో రద్దు చేయాలని ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని మేధోసంపత్తి ఒప్పందమైన ట్రిప్స్ చెబుతోంది. అందుకే తేదీలున్న బిల్లులు, ప్యాకింగ్ నమూనాలు, ప్రకటనల ప్రతులు దాచిపెట్టుకోవడం అవసరం. లోగోను కొత్తగా గీయించేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి: గుర్తు విశిష్టతను మార్చని చిన్న తేడాలు పరవాలేదు, రూపమే మారిపోతే కొత్త దరఖాస్తు పెట్టాలి.

యజమాని తన గుర్తును తానే పాడుచేసుకోవడమూ ఉంది. ఎస్కలేటర్ అన్నది ఒకప్పుడు లిఫ్టులు తయారుచేసే ఓటిస్ సంస్థ ట్రేడ్‌మార్క్. 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. ఆ సంస్థే తన పేటెంట్లలో, ప్రకటనల్లో దాన్ని మామూలు వస్తువు పేరులా వాడటం అందుకు ఒక ఆధారమైంది. గుర్తు పక్కన సరుకు పేరు కూడా రాయమని న్యాయవాదులు పట్టుబట్టేది ఇందుకే. వృత్తంలో ఆర్ ఉన్న చిహ్నాన్ని మాత్రం నమోదు పూర్తయ్యాకే వాడాలి. ముందే వాడటం అనేక దేశాల్లో నేరం.

యాజమాన్యమో చిరునామానో మారినప్పుడు ఆ మార్పును రిజిస్ట్రీలో నమోదు చేయించాలి, లేకుంటే రద్దు కోరుతూ ఎవరైనా వేసిన దరఖాస్తు తాలూకు నోటీసు పాత చిరునామాకే వెళ్తుంది, జవాబివ్వాల్సిన గడువు యజమానికి తెలియకుండానే గడిచిపోవచ్చు.