ఈగ తొండం మీద ఎలక్ట్రోడ్

ఒబైద్ సిద్దిఖీ మొదట జన్యుశాస్త్రవేత్త. గ్లాస్గోలో జన్యుశాస్త్రవేత్త పాంటెకోర్వో దగ్గర పీహెచ్‌డీ చేశారు. 1962లో హోమీ భాభా పిలిస్తే బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌కి వచ్చి మాలిక్యులర్ బయాలజీ విభాగం మొదలుపెట్టారు. ఈగల మీదికి మళ్లింది 70లలో, కాల్టెక్‌లో సీమోర్ బెంజర్‌తో పనిచేస్తూ. వేడికి చచ్చుబడిపోయే డ్రాసోఫిలా (పండ్ల ఈగ) మ్యూటెంట్ల మీద, అంటే జన్యువు మారిన ఈగల మీద, ఇద్దరి పేపరూ 1976లో వచ్చింది.

పడిపోయిన ఈగలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. కానీ 'పారా' అనే మ్యూటెంట్‌లో చెడింది సోడియం చానెల్, అంటే సిగ్నల్ నరం తీగలోనే ఆగిపోతుంది. 'షిబిరే' అనే ఇంకోదానిలో చెడింది డైనమిన్ అనే ప్రోటీన్, అంటే సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) దగ్గర సిగ్నల్ రసాయనాన్ని మోసే సంచులు, వెసికిల్స్, తిరిగి తయారు కావు. ప్రవర్తన ఒక్కటే చూస్తే ఈ తేడా దొరకదు. సిద్దిఖీ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఈ పట్టుదలే: మ్యూటెంట్ దొరికిందని ఆగకుండా ఎలక్ట్రోడ్ పెట్టి చూడటం.

తర్వాత టీఐఎఫ్ఆర్‌లో వెరోనికా రోడ్రిగ్స్‌తో కలిసి వాసన, రుచి మ్యూటెంట్ల వేట సాగింది. రుచికి వాడే టిప్ రికార్డింగ్ పద్ధతి 1955 నాటిది, హాడ్జ్‌సన్, లెట్విన్, రోడర్‌లది. తొండం చివర ఉన్న రుచి వెంట్రుకకు సన్నటి గాజు కేపిలరీ తొడుగుతారు. మొన వెడల్పు 20–30 మైక్రాన్లు. అందులోని ద్రావణమే రుచి, అదే ఎలక్ట్రోడ్. ఉత్త చక్కెర నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి 100 మిల్లీమోలార్ సుక్రోజ్‌లో 1 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఉప్పు ఇంత తక్కువైతే వెంట్రుకలో నీటిని పసిగట్టే కణం కూడా మోగుతుంది. అది వద్దనుకుంటే పొటాషియం క్లోరైడ్ బదులు 30 మిల్లీమోలార్ ట్రైకోలిన్ సిట్రేట్ వాడాలి. రెండో ఎలక్ట్రోడ్ ఈగ ఒంట్లో ఉంటుంది.

ఎక్కువగా చెడేది కేపిలరీ మొన దగ్గరే. నీరు ఆవిరై చక్కెర చిక్కబడిపోతుంది, మనం 100 అనుకున్నది 100గా ఉండదు. తాకించే ముందు ప్రతిసారీ టిష్యూతో మొనలోంచి కాస్త ద్రావణం లాగేయాలి. తాకించేది ఒకటి రెండు సెకన్లే. ఆ తర్వాత కనీసం నిమిషం ఆగాలి, లేకపోతే కణం అలవాటుపడి స్పైకులు (కణం పంపే విద్యుత్ సంకేతాలు) తగ్గుతాయి, మ్యూటెంట్ అని మోసపోతాం. వెంట్రుకను మరీ లోపలికి దూర్చి వంచితే దాని మొదలు దగ్గర ఉన్న స్పర్శ కణం అడ్డుపడుతుంది. కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ సంగతి సరేసరి, ముందు ఎర్తింగ్ చూసుకోవాలి.

స్పైకులు అసలే రాకపోతే అదే వెంట్రుకకు ఉప్పు ద్రావణం పెట్టి చూడాలి. దానికీ రాకపోతే వెంట్రుకే పూడుకుపోయి ఉండొచ్చు, పక్కదానికి వెళ్లాలి. ఉప్పుకు పలికి చక్కెరకు పలకకపోతే అనుమానం చక్కెర కణం మీదికి పోతుంది. చక్కెరకూ మామూలుగా పలికి, ఈగ మాత్రం తొండం చాపకపోతే లోపం ఆ పైన ఎక్కడో ఉంది, మెదడు దాకా వెతకాలి.