పాప అడిగితే ఏం చెప్పాలి?

చిత్తూరులో మా తమ్ముడికి పుట్టిన పాపకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) రోజున జ్ఞానతల్లిగా ఉండమని అడిగితే, పదిహేడేళ్ల మా అమ్మాయి ఉండనని తేల్చి చెప్పింది. సెలవులకు ఊరు వెళ్లడం ఇష్టం లేక కాదు, పాప మీద ప్రేమ లేక అంతకన్నా కాదు. ‘ఈ విశ్వాసంలో పాపను పెంచడానికి తోడుంటానని అందరి ముందూ మాట ఇవ్వాలి కదమ్మా! రేపు అది పెద్దదై, నేనెందుకు ఫాదర్‌ని కాకూడదని అడిగితే ఏం చెప్పాలి?’ అంది. తమ్ముడికి పరీక్షల వంక చెప్పి, ఆ స్థానంలో నేను నిలబడతానన్నాను. పాప అడగబోయే ప్రశ్నకు జవాబు నా దగ్గరా లేదు; అయినా ఒప్పుకోవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

అంతటితో ఊరుకోక, శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఉత్థానమైన ప్రభువును మొదట చూసినది మగ్దలా మరియమ్మ అనీ, 2016లో ఫ్రాన్సిస్ పోప్ ఆమె స్మరణను అపొస్తలుల పండుగలతో సమానమైన పండుగగా పెంచారనీ, సియెన్నా కత్తరీనమ్మ, ఆవిలా తెరేజమ్మ వేదపారంగతులనీ (శ్రీసభ తన మహాబోధకులకు ఇచ్చే బిరుదు అది) ఏకరువు పెట్టాను. మా అమ్మాయి ఫోనులో చూసుకుని, కత్తరీనమ్మ చనిపోయినది 1380లో అనీ, తెరేజమ్మ 1582లో అనీ, ఇద్దరికీ ఆ బిరుదు ఇచ్చినది 1970లో అనీ నాకు చదివి వినిపించింది. ఆ తేదీలు నేను ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

అప్పుడు నా బ్రహ్మాస్త్రం తీశాను. మేమిప్పుడు ఉంటున్న మెల్బోర్న్‌లోనే వైద్యం చదివి, ఇక్కడి కతోలిక స్త్రీల సంఘానికి తొలి అధ్యక్షురాలై, చేతిలో ఉన్న ప్రాక్టీసు వదులుకుని 1920లో గుంటూరు వెళ్లి, మఠకన్యగా (నన్‌గా) మారి వేలాదిమంది తల్లులకూ బిడ్డలకూ వైద్యం చేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ కథ అది. స్త్రీవాదమూ విశ్వాసమూ ఒకే మనిషిలో ఇమడగలవనడానికి ఇంతకంటే ఏం కావాలని నా ధీమా. కానీ కథ సగంలో నేనే తడబడ్డాను, ఎందుకంటే మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి ఆనాటి శ్రీసభ నియమాలు అడ్డు వచ్చేవి. ఆమెకు పోప్ నుంచి ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది, ఆ అడ్డు అందరికీ తొలగినది 1936లో. ‘అంటే పురుడు పోయడానికి కూడా ఒక మగాయన సరేననాలి’ అంది మా అమ్మాయి. కాదని అనలేకపోయాను. అయితే ఆ అనుమతి ఊరికే రాలేదనీ, స్కాట్లాండుకు చెందిన ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే వృద్ధ డాక్టరమ్మ, స్త్రీల ఓటు హక్కు కోసం కూడా పనిచేసిన మనిషి, మఠకన్యల వైద్యం కోసం రోముకు విన్నపాలు చేసిందనీ, ఆమె గురించి చదివే గ్లౌరీ గుంటూరు దారి పట్టిందనీ చెప్పాను. ఆ పేరు మాత్రం మా అమ్మాయి రాసుకుంది.

నా చిన్నతనంలో మా విచారణలో (మా గుడి పరిధిలో) పూజ జరిగే పీఠం దగ్గర గంట మోగించే పని మగపిల్లలది. గుడి ఊడ్చడం, కనకాంబరాలు కట్టడం మాది. తమ్ముడు తెల్ల అంగీ వేసుకుని ధూపం పట్టుకుంటే చూసి మురిసిపోయానే గానీ, నాకెందుకు లేదని అడగలేదు. ఆడపిల్లలను పీఠసేవకు అనుమతించవచ్చని రోము 1994 మార్చిలో పీఠాధిపతులకు (బిషప్పులకు) తెలిపింది. స్త్రీలకు గురుపట్టాభిషేకం ఇచ్చే, అంటే వారిని ఫాదర్లుగా చేసే, అధికారమే శ్రీసభకు లేదని రెండవ జాన్ పాల్ పోప్ ప్రకటించినది అదే ఏడాది మే నెలలో. ఇక్కడి గుడిలో మా అమ్మాయి పీఠసేవ చేస్తున్నప్పుడు నేను మొదటి సంగతి చెప్పి గర్వపడ్డాను, రెండోది దాచాను. ఆమె దాన్ని మరొకరి నోట విన్నది. ఆమెకు కోపం తెప్పించినది ఆ ప్రకటన ఎంతో, నా దాపరికం కూడా అంతే అనుకుంటాను.

మా అమ్మ అయితే ఇటువంటి వాదనలు పెట్టుకునే మనిషే కాదు. ముగ్గురు పిల్లల తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. గర్భనిరోధానికి కృత్రిమ పద్ధతులన్నీ తప్పని 1968లోనే ఆరవ పౌలు పోప్ రాశారని ఆమెకు తెలుసో లేదో గానీ, కుట్లు మానగానే ఆదివారం పూజకు వెళ్లి సత్ప్రసాదం తీసుకుంది. ‘ఫాదర్‌కు చెప్పావా అమ్మమ్మా?’ అని మొన్న వీడియో కాల్‌లో మనవరాలు అడిగితే, ‘ఆయన బిడ్డల్ని కన్నాడా, పెంచినాడా? ఆయనకెందుకు చెప్పేది అమ్మణ్ణీ, దేవమాతకు చెప్పుకున్నా’ అంది. నేను నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. ఇన్నేళ్లుగా మీరు చేసేది చేస్తూనే ఉన్నారు, దాన్ని పైకి అనరు, అనకపోవడాన్నే భక్తి అంటారు అని, కాల్ ముగిశాక నాతో అంది.

ఆ మాట నాకు అమ్మకన్నా ఎక్కువగా తగిలింది. చిత్తూరులోని ఇంట్లో నాకు రావలసిన భాగాన్ని తమ్ముడి పేర విడిచిపెడుతూ సంతకం చేసినది నేనే. 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవుల ఇళ్లలో కూతురికీ కొడుక్కీ సమాన వాటా ఇస్తుందని తెలిసే చేశాను. ఇక్కడ మాత్రం అమ్మాయితో గిన్నెలు తోమించిన రోజున అబ్బాయితో కూడా తోమించాలని కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాను. మళ్లీ అడిగినా సంతకం చేస్తాను; అది తోబుట్టువు మీద ప్రేమో, అలవాటో విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

అమ్మకు ఇష్టమైన కథల్లో మా ప్రాంతపు తరిగొండ వెంగమాంబది ఒకటి. బాల్యంలోనే భర్త పోతే తల గొరిగించుకోనని పెద్దల ముందే చెప్పి, ఊరి మాటలు పడి, చివరికి తిరుమల చేరి కావ్యాలు రాసిన ఆవిడ తెగువను అమ్మ జపమాల చేత్తో పట్టుకునే మెచ్చుకుంటుంది. కొండ మీద దేవుడి భక్తురాలికి ఎదిరించే హక్కు ఉందని ఒప్పుకునే మా ఇంట్లో, మన గుడి పిల్ల అదే పని చేస్తే మేమంతా ఎందుకు బెదిరిపోతున్నామో తెలియదు. పిల్లలకు ప్రశ్నించడం నేర్పండని నాకన్నా చిన్న తల్లులకు సలహాలిస్తుంటాను. ఆ ప్రశ్న తిరిగి తిరిగి ఆదివారం పూజ దగ్గరకు వస్తే ఏం చేయాలో కూడా చెప్పగలిగితే బాగుండేది. మా అమ్మాయి గుడి మానేస్తుందని నాకు భయం. మానకుండా నాలాగే నోరు మూసుకుని కూర్చుంటుందేమోనని ఈమధ్య ఇంకో భయం పట్టుకుంది. రెండింటిలో ఏది పెద్దదో రోజుకో రకంగా తోస్తుంది.

ఇప్పుడు వాదన డీకన్ల దగ్గర, అంటే ఫాదర్లకన్నా ఒక మెట్టు కింద ఉండే సేవకుల దగ్గర, ఉంది. స్త్రీలు డీకన్లు కావచ్చునా అని పరిశీలించడానికి ఫ్రాన్సిస్ పోప్ 2016లో ఒకసారి, 2020లో మరొకసారి కమిషన్లు వేశారని నేనంటే, అపొస్తలుడైన పౌలు కెంక్రేయ అనే ఊరి సంఘానికి పరిచారకురాలు, అంటే డీకన్, అని ఫీబేను పేరుపెట్టి చెప్పాక కమిషన్ ఎందుకని ఆమె అడుగుతోంది. ఎక్కడుందో చూపించమన్నాను. రోమీయులకు రాసిన లేఖ, 16వ అధ్యాయం, మొదటి వచనం. నేను ఆ లేఖలో అంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు.