శబ్దం ఇంజన్‌దా, గేర్‌బాక్స్‌దా?

బానెట్ కింద గరగరమంటోందని వెంటనే గేర్‌బాక్స్ దింపించకండి. మాన్యువల్ కారైతే క్లచ్ పెడల్‌తోనే సగం సంగతి తేలిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచండి. పెడల్ వదిలినప్పుడు వచ్చే గరగర పూర్తిగా తొక్కగానే ఆగిపోతే, అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) బేరింగ్ మీదే. తొక్కితే ఆ షాఫ్ట్ తిరగడం ఆగుతుంది మరి. తొక్కినప్పుడే కీచుమంటే అది రిలీజ్ బేరింగ్, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి, కాబట్టి క్లచ్ ప్లేటు కూడా అప్పుడే మార్చేయడం మేలు.

తొక్కినా వదిలినా తేడా లేకపోతే ఇంజన్ వైపు చూడాలి. ఇంజన్ ఆపి ఆల్టర్నేటర్ బెల్ట్ తీసి, మళ్లీ స్టార్ట్ చేసి 20-30 సెకన్లు మాత్రమే ఇంజన్‌ను నడపండి. చాలా కార్లలో వాటర్ పంపు తిరిగేది ఆ బెల్ట్‌తోనే, ఎక్కువసేపు నడిపితే ఇంజన్ వేడెక్కిపోతుంది. ఇంజన్ లోపలి వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. శబ్దం పోయిందా? ఇంజన్ ఆపి పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. గరుకుగా తగిలేదాని బేరింగే పోయినట్టు.

గేర్ ఆయిల్ తీస్తే డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చూడండి. బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే. గోటికి తగిలే ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం బండి ఇక నడపకండి.