మూడో మెషిన్, ఐదేళ్ల లాగ్‌బుక్కులు

పోయిన నెల స్టోర్ రూమ్ సర్దిస్తుంటే పాత లాగ్‌బుక్కుల కట్ట ఒకటి బయటపడింది. అట్టలు ఊడిపోయాయి. పేజీల అంచులకి గ్రీజు మరకలు. ఒకటి తెరిస్తే, రాత్రి 2 గంటల గడిలో మా సీనియర్ ఆపరేటర్ చేతిరాత: "ట్రాష్ ర్యాక్ నిండా ఆకు. రెండో మెషిన్ 640కి దించాను. ఆకు తీశాక 3 గంటలకి మళ్ళీ 930." ట్రాష్ ర్యాక్ అంటే నీళ్ళతో వచ్చే చెత్త మెషిన్‌లోకి పోకుండా ఆపే జాలీ; ఆ అంకెలు కిలోవాట్లు. ఆ రాత పక్కన ఎర్ర పెన్నుతో చిన్న టిక్కు ఉంది. అది ఆడిటర్ పెట్టింది. మా పవర్‌హౌస్‌కి కార్బన్ క్రెడిట్లు తెచ్చిపెట్టింది అలాంటి ఐదు పుస్తకాలే.

కొన్నాళ్లుగా ఒకే ప్రశ్న నా దగ్గరికి పదే పదే వస్తోంది. "మాకూ చిన్న హైడ్రో ప్లాంట్ ఉంది, ఇంకో మెషిన్ వేద్దామనుకుంటున్నాం, కార్బన్ క్రెడిట్ల డబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా?" అని. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు. మాకేం జరిగిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

మాది డ్యామ్ లేని ప్లాంట్. వాగుకి అడ్డంగా వియర్ అనే చిన్న అడ్డుకట్ట, అక్కడినుంచి కాలువ, కాలువ చివర నీళ్ళు నిలిచే ఫోర్‌బే ట్యాంకు, అక్కడినుంచి పెన్‌స్టాక్ గొట్టం కింద మెషిన్ల దాకా. నీళ్ళు 60 మీటర్ల ఎత్తునుంచి దిగుతాయి. ఆ ఎత్తులో సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు దిగితే సుమారు 500 కిలోవాట్లు వస్తాయి. మొదట ఉన్నవి 1 మెగావాట్ మెషిన్లు రెండు. రెండూ నిండుగా తిరగాలంటే సెకనుకు 4 ఘనపు మీటర్లు కావాలి. వాన పడే నెలల్లో వాగులో అంతకంటే చాలా ఎక్కువే వచ్చేది. మిగిలిందంతా వియర్ మీదుగా పొర్లిపోయేది. నైట్ షిఫ్టులో ఆ హోరు వింటూ కూర్చుంటే, ఇంకో మెషిన్ ఉంటే ఎంత బాగుండును అనిపించని రోజు లేదు.

2008లో లెక్కలు మొదలుపెట్టాం. 1.5 మెగావాట్ల మూడో మెషిన్, దానికి ఇంకో 3 ఘనపు మీటర్లు. కాగితం మీద చాలా తేలిక. పవర్‌హౌస్ ఉంది, రోడ్డుంది, కరెంటు పంపే లైన్ ఉంది, మెషిన్ కొని పెట్టడమే కదా అనుకున్నాం. కానీ అసలు ఖర్చంతా నీళ్ళని మెషిన్ దాకా తేవడంలో ఉంది. పాత పెన్‌స్టాక్‌లో 4 బదులు 7 పంపితే గొట్టంలో రాపిడి వల్ల పోయే ఎత్తు మూడింతలవుతుంది, ఎందుకంటే ఆ నష్టం ప్రవాహపు వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతుంది. పెట్టిన ఖర్చంతా ఆ గొట్టమే మింగేస్తుంది. కాబట్టి కొత్త పెన్‌స్టాక్ తప్పలేదు. కాలువ కూడా 4 కోసం కట్టిందే. రెండు పక్కలా గోడలు అర మీటరు లేపి, లోపల నున్నగా లైనింగ్ వేయించాలి. ఫోర్‌బే పెంచాలి. మెషిన్ ధర కంటే ఈ సివిల్ పనులే ఎక్కువయ్యాయి. లెక్క చూసి బ్యాంకు వాళ్ళు మెల్లగా ఫైలు వెనక్కి తోశారు.

కార్బన్ క్రెడిట్ల మాట వచ్చింది అప్పుడే. వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం, అందరూ సీడీఎం అనేది, అప్పుడు మంచి ఊపులో ఉంది. బొగ్గు కరెంటు బదులు నీటి కరెంటు గ్రిడ్‌కి ఇస్తే, తగ్గిన ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కీ ఒక క్రెడిట్, అంటే ఒక సీఈఆర్. చిన్న హైడ్రోకి దీంతో మొదటినుంచీ చుట్టరికం ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి సీఈఆర్‌లు 2005 అక్టోబరులో జారీ అయింది హోండూరస్‌లోని రెండు చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టులకే, రియో బ్లాంకో, లా ఎస్పెరాంజా. 2008 మధ్యలో సీఈఆర్ ధర 20 యూరోలు దాటింది. అందరి మాటల్లోనూ అదే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. క్రెడిట్ల డబ్బు ముందు రాదు. మెషిన్ తిరిగి, కరెంటు గ్రిడ్‌కి వెళ్ళి, ఆడిటర్ వచ్చి మీటర్ చూసి, క్రెడిట్లు జారీ అయ్యాకే వస్తుంది. దాంతో పెన్‌స్టాక్ ఇనుము కొనలేం. మాకు పనికొచ్చింది కొనుగోలు ఒప్పందం. రాబోయే క్రెడిట్లని 2012 చివరిదాకా స్థిరమైన ధరకి కొంటామని ఒక విదేశీ కొనుగోలుదారు రాసిచ్చిన కాగితం చూపిస్తే బ్యాంకు మళ్ళీ ఫైలు తెరిచింది. ఎప్పుడో రాబోయే డబ్బు, ఇవాళ అప్పు పుట్టడానికి ఆసరా అయింది. మాకు కార్బన్ ఫైనాన్స్ అంటే అంతే.

2012 చివరిదాకానే ఎందుకంటే, క్యోటో మొదటి విడత 2008 నుంచి 2012 వరకే. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ రాసివ్వలేదు. ఆ గీత ఎంత ముఖ్యమో మాకు అప్పట్లో సరిగ్గా తట్టలేదు.

ఇక లాగ్‌బుక్కుల సంగతి. కొత్త ప్లాంట్ కడితే లెక్క సులువు, వచ్చిన యూనిట్లన్నీ కొత్తవే. ఉన్న ప్లాంట్‌ని పెంచితే అలా కుదరదు. నేను మొదట వేసిన లెక్క మూడో మెషిన్ మీటర్లో పడే యూనిట్లన్నిటికీ క్రెడిట్లు వస్తాయని. వచ్చిన ఆడిటర్ నిదానంగా ఒక మాట అడిగాడు. "మేడమ్, వాగులో 3 ఘనపు మీటర్లే ఉన్న రోజున మీరు ఏ మెషిన్ తిప్పుతారు?" సందేహమేముంది, కొత్తదే తిప్పుతాం, దాని సామర్థ్యం ఎక్కువ కదా అన్నాను. చెప్పేశాక అర్థమైంది. ఆ రోజు కొత్త మెషిన్ తాగే నీళ్ళు నిన్నటిదాకా పాత మెషిన్లు తాగినవే. కొత్త మీటర్ గిర్రున తిరుగుతుంది, పాత మీటర్లు ఆగిపోతాయి, గ్రిడ్‌కి వెళ్ళేది మాత్రం కాస్తే పెరుగుతుంది.

అందుకే హైడ్రోలో మెషిన్ కలిపితే పద్ధతి వేరు. ప్లాంట్ మొత్తం ఉత్పత్తి చూస్తారు. అందులోంచి కనీసం ఐదేళ్ల పాత సగటు తీసేస్తారు. సగటు ఒక్కటే తీస్తే మంచి వానల ఏడాది లాభం కూడా మన ఖాతాలో పడుతుంది కాబట్టి, ఏడాదికేడాదికీ ఉండే ఒడిదుడుకుని, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ని కూడా కలిపి తీసేస్తారు. మాది 2004 నుంచి 2008 దాకా సగటు 96 లక్షల యూనిట్లు, ఒడిదుడుకు 7 లక్షలు. అంటే 103 లక్షలు దాటాకే మొదటి క్రెడిట్. మూడో మెషిన్ తిరిగిన మొదటి పూర్తి ఏడాదిలో దాని మీటర్ 62 లక్షలు చూపించింది. పాత రెండూ కలిసి 80 లక్షలకి పడిపోయాయి. మొత్తం 142. క్రెడిట్లకి నిలిచింది 39 లక్షల యూనిట్లు. మా గ్రిడ్‌లో యూనిట్‌కి 0.8 కిలోల లెక్కన 3,120 టన్నులు.

ఈ పద్ధతి న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను, మాకు వచ్చేది తగ్గినా సరే. ఆ తీసివేతకి ఆధారం ఆ ఐదు పుస్తకాలే. ఆడిటర్ రెండు రోజులు కూర్చుని లాగ్‌బుక్కులో గంట గంట రీడింగులని నెలనెలా బిల్లులతో పోల్చి చూశాడు. ఆకు అడ్డుపడిన రాత్రులు, బేరింగ్ వేడెక్కి ఆపిన రోజులు, అన్నీ ఉన్నాయి. తన ఉద్యోగం మొత్తంలో తన రాత ఎవరైనా ఇంత శ్రద్ధగా చదవడం అదే మొదటిసారి అని మా సీనియర్ ఆపరేటర్ తర్వాత నాతో చెప్పాడు. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి.

తేదీల టెన్షన్ వేరే. క్రెడిట్లని దృష్టిలో పెట్టుకునే ప్రాజెక్టు మొదలుపెట్టామని సీడీఎంలో రుజువు చూపించాల్సి ఉండేది. అందుకు, ప్రాజెక్టు మొదలైన 180 రోజుల్లోపు ఐక్యరాజ్యసమితి వాతావరణ సచివాలయానికీ, ప్రాజెక్టు ఉన్న దేశపు అధికార సంస్థకీ నోటీసు పంపాల్సి ఉండేది. టర్బైన్ ఆర్డర్ ఇచ్చిన రోజే మొదలు అనుకుని 140వ రోజున తీరిగ్గా పంపాం. ఆడిటర్ ఖాతాలు తిరగేస్తే, అంతకు 31 రోజుల ముందే కాలువ లైనింగ్ కాంట్రాక్టరుకి అడ్వాన్స్ ఇచ్చినట్టు తేలింది. అసలు మొదలు అదే అన్నాడు. ఆ లెక్కన మా నోటీసు 171వ రోజున వెళ్ళినట్టు. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే మొత్తం పోయేది. ఎవరైనా ఈ పనికి దిగుతుంటే, మొదటి అడ్వాన్స్ చెక్కు రాసేముందే నోటీసు పంపండి.

చుట్టుపక్కల వాళ్ళ అభిప్రాయం తీసుకోవడం కూడా సీడీఎంలో తప్పనిసరిగా ఉండేది. మీటింగు పెట్టాం. నేను పెద్ద చార్టు పెట్టి "వృథాగా పోతున్న నీటితో కరెంటు" అని చెప్పుకుంటూ పోయాను. వెనకనుంచి ఒక పెద్దావిడ లేచింది. "వృథా ఎక్కడమ్మా? ఆ పొర్లు వచ్చినప్పుడే కదా మా మడుగులో బురద కొట్టుకుపోయేది. అది కూడా మీరే తీసుకుంటే మడుగు పూడిపోదూ?" వియర్‌కీ పవర్‌హౌస్‌కీ మధ్య రెండు కిలోమీటర్ల వాగు ఉంది. మా డ్రాయింగులో అది సన్నటి నీలం గీత. ఎండాకాలంలో ఎంత నీరు వదలాలో లెక్క రాసుకున్నాం గానీ, వానల్లో వచ్చే ఆ పొర్లు గురించి ఒక్క ఇంజనీరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. రిపోర్టులో "వృథా" అన్న మాట కొట్టేశాను. పొర్లు ఉండే నెలల్లో పదిహేను రోజులకోసారి మూడో మెషిన్‌ని 12 గంటలు ఆపి, నీళ్ళని వాగులోకే వదలాలని నిర్ణయించాం. ఒక్కోసారికి 18 వేల యూనిట్లు వదులుకుంటాం. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. గేటు మూసినప్పుడు ముందు చిక్కటి బురదనీరు, ఒక గంటకి తేటనీరు. నేను ఉన్న ప్రతిసారీ గట్టు మీదికి వెళ్ళి చూస్తాను.

మెషిన్ 2011 జులైలో గ్రిడ్‌కి కలిసింది. మొదటి క్రెడిట్లు చేతికొచ్చేసరికి 2013. ఈలోగా ధర కుప్పకూలింది. యూరప్ మార్కెట్ మందగించింది, క్రెడిట్లు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి, 2012 తర్వాత రిజిస్టరైన ప్రాజెక్టుల్లో బాగా వెనకబడిన దేశాలవే యూరప్ తీసుకుంటానంది. సీఈఆర్ యూరో కంటే కిందికి పడిపోయింది. 20 యూరోల ధరకి మా ఏడాది క్రెడిట్లు 62 వేల యూరోలు. అర యూరోకి 1,560. ఆడిటర్ ఫీజుకి కూడా చాలవు. ఒప్పందంలో ఉన్న ఏడాదిన్నర క్రెడిట్లకి మాత్రం రాసుకున్న ధర వచ్చింది. అప్పు మొదటి వాయిదాలు వాటితోనే కట్టాం.

ఇప్పుడు అసలు గట్టి ప్రశ్న. ఈ డబ్బు లేకపోతే మూడో మెషిన్ వచ్చేదా? క్రెడిట్ విలువంతా దీనికి చెప్పే జవాబు మీదే ఉంటుంది. 2016లో జర్మనీలోని ఓకో ఇన్‌స్టిట్యూట్ చేసిన పరిశీలనలో, చూసిన సీడీఎం ప్రాజెక్టుల్లో 85 శాతం ఎలాగూ జరిగిపోయేవే అయ్యుండవచ్చని, వాటివల్ల అదనపు తగ్గింపు ఉండే అవకాశం తక్కువని తేల్చారు. కంపెనీలు తమంతట తామే క్రెడిట్లు కొనే స్వచ్ఛంద మార్కెట్‌లో నాణ్యత చూసే ఇంటిగ్రిటీ కౌన్సిల్ 2024 ఆగస్టులో, అప్పటిదాకా ఉన్న పునరుత్పాదక విద్యుత్ పద్ధతుల క్రెడిట్లకి తన ముద్ర ఇవ్వనంది. చదివినప్పుడు బాధేసింది, కానీ తప్పు అనలేను. విస్తరణలో ఈ అనుమానం ఇంకా ఎక్కువే ఉండాలి. ఉన్న రోడ్డు, ఉన్న లైను, ఉన్న ఆదాయంతో మెషిన్ కలిపేవాడికి క్రెడిట్ అవసరం లేకపోవచ్చు. మాకు కాలువ, పెన్‌స్టాక్ ఖర్చు వల్ల లెక్క తేలలేదు. బ్యాంకు ఒకసారి కాదన్న ఉత్తరం ఫైల్లో ఉంది. ఆ ఉత్తరం లేని విస్తరణకి క్రెడిట్ అడగకూడదని నా అభిప్రాయం. గ్రిడ్ లేనిచోట డీజిల్ జనరేటర్ ఆపించే చిన్న ప్లాంట్ అయితే గట్టిగా అడగాలి, అడిగే హక్కుంది.

2018లో మా క్రెడిట్ల మొదటి ఏడేళ్ల గడువు ముగిసింది. ఇంకో ఏడేళ్లకి పొడిగించుకునే వీలుండేది. మొదటి గడువులో, యూనిట్‌కి ఎన్ని కిలోలన్న గ్రిడ్ లెక్క సగం నడుస్తున్న ప్లాంట్ల మీద, సగం కొత్తగా వచ్చిన ప్లాంట్ల మీద ఉండేది. రెండోసారికి కొత్తవాటి వాటా 75 శాతం. కొత్తవి సోలార్, గాలి అయ్యేకొద్దీ మన టన్నులు తగ్గుతాయి. అది మంచి వార్తే. మేం పొడిగించుకోలేదు.

నిన్న ఫోన్ చేసిన అబ్బాయికి కూడా 2 మెగావాట్ల ప్లాంటే. ఐదేళ్ల లాగ్‌బుక్కులు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి మేడమ్, కానీ మూడేళ్ల క్రితం మెయిన్ మీటర్ మార్చాం, పాతదాని కొలత సరైనదేనని ఇచ్చిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్ దొరకట్లేదు అన్నాడు. బ్యాంకు సంగతి, క్రెడిట్ల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఆ సర్టిఫికెట్ వెతుకు నాన్నా అన్నాను. దొరక్కపోతే ఇవాళ్టినుంచే ఏ మెషిన్‌కామెషిన్ విడిగా గంట గంటకీ రీడింగ్ రాయించమన్నాను. వియర్ మీద ఎన్ని అంగుళాల నీరు పొర్లుతోందో కూడా పక్క గడిలో.