నాలుగవ మాట, ఐదవ మాట

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు జరిగే ఆరాధనలో, సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. వాటిలో ఒకటి స్త్రీల సమాజానికి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. 2018లో ఆ అవకాశం నాకు వచ్చింది. నాకు ఇచ్చినది నాలుగవ మాట: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" తండ్రి ఆ ఘడియలో కుమారుని విడిచాడు గనుక మనలను ఎన్నడూ విడువడని, మూడు అంశాలుగా విభజించి, ప్రతి అంశానికీ వాక్యాధారాలు చూపి, ఇరవై నిమిషాలు తడబడకుండా చెప్పాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా బైబిలులో ఉన్నాయి. సిద్ధాంతపరంగా వాటిలో దిద్దవలసినది పెద్దగా లేదు. చెయ్యి విడిచినట్లు ఎప్పుడైనా అనిపించిన మనిషి రాసిన మాట మాత్రం ఒక్కటీ లేదు.

1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సేవలో ఎదిగిన కుటుంబం మాది. బాప్తిస్మం, సండే స్కూలు, ప్రభువు బల్ల, అన్నీ ఏ వయసులో అందవలసినవి ఆ వయసులో అందాయి. విశ్వాసం తాతల నాటి పొలంలాగా నా పేర దాఖలైపోయిందనుకున్నానే గాని, దానిని నేను దున్నవలసి వస్తుందని అనుకోలేదు.

2018 ఆగస్టులో మా వారికి కాళ్లు వాచాయి. ఇరవై ఏళ్ల చక్కెర వ్యాధి రెండు మూత్రపిండాలనూ తినేసిందని, గుండె బలహీనంగా ఉన్నందున మూత్రపిండ మార్పిడికి కూడా వీలుపడదని డాక్టరు గారు చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాలలో నాలుగేసి గంటలు యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేసే డయాలసిస్ మొదలైంది. ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీ భరించింది. మాకు మిగిలినది రోజంతటికీ అంతకు మించి తాగకూడదన్న ఒక లీటరు నీళ్ల సీసా, కొబ్బరినీళ్లు, అరటిపండ్లు నిషేధమన్న కాగితం, కూరగాయలను ఉడకబెట్టి ఆ నీటిని వార్చి మళ్లీ వండే వంట.

నేను మొదట చేసిన ప్రార్థనలు, ఇప్పుడు తలచుకుంటే, బేరాలు. నలభై శుక్రవారాలు ఉపవాసం ఉంటాను, స్వస్థపరచు. నా గాజులు కృతజ్ఞతార్పణగా ఇస్తాను, స్వస్థపరచు. మాకు మ్రొక్కుబళ్లు లేవని ఇరుగుపొరుగు వారితో గర్వంగా చెప్పిన దానినే నేను! ఇంటికి వచ్చి ప్రార్థించిన వారిలో కొందరు, ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకోమన్నారు. బైబిలులో, యోబు కష్టాలకు అతని పాపమే కారణమన్న స్నేహితుల ప్రసంగాలను దేవుడే చివరకు త్రోసిపుచ్చాడని వారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర మానుకొని మా ఇద్దరి పాపాల జాబితా వేసుకున్నాను.

2019 జనవరిలో ఒక స్వస్థత కూటంలో ఒకాయన మా వారి తలపై చేతులుంచి, కార్యం జరిగిపోయింది, యంత్రాన్ని నమ్ముతారా, దేవుణ్ణి నమ్ముతారా అని అడిగారు. మా వారు సందేహించారు. పట్టుబట్టినది నేనే. బుధవారం వెళ్లలేదు, శుక్రవారం వెళ్లలేదు. శనివారం తెల్లవారుజామున ఊపిరితిత్తులలో నీరు చేరి, పడుకుంటే ఊపిరందక, మంచం అంచున కూర్చుని ఆయన నా వంక చూసిన చూపులో నింద లేదు, భయం మాత్రమే ఉంది. అంబులెన్సులో నేను ప్రార్థన చేయలేదు. ఆ తరువాత కొన్ని నెలలు చేయలేకపోయాను.

ఆ నెలల గురించే నన్ను ఎవరూ సాక్ష్యం చెప్పమనరు. అయితే నాలో ఏదైనా ఎదిగి ఉంటే అది అప్పుడే ఎదిగింది. మా సమాజంలో అందరికంటే పెద్దావిడ, మేము పెద్దమ్మ అని పిలిచే ఆమె, శుక్రవారాలలో డయాలసిస్ గది బయట వరండాలోకి వచ్చి, చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్లో ఒళ్లో పోసుకొని ఈనెలు తీస్తూ నా పక్కన కూర్చునేది. యోబు స్నేహితులు నోరు విప్పక ముందు ఏడు రోజులు అతనితో నేల మీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే. పెద్దమ్మ ఆ భాగం వరకే చదివి ఆపేసినట్లుండేది. నాకు ప్రార్థన రావడం లేదని ఒకనాడు చెప్పాను. "నీ వంతు మేం చేస్తున్నాం లేమ్మా, నువ్వు ఊరికే కూర్చో," అని కాయలు సగం నా ఒళ్లో పోసింది.

అలా కూర్చున్న రోజులలోనే కీర్తనల గ్రంథాన్ని వరుసగా చదివాను. నా బైబిలులో వాగ్దానాల కింద ఎర్ర పెన్సిలు గీతలుంటాయి. నూట యాభై కీర్తనలలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న మొరల కింద ఒక్క గీత కూడా లేదని అప్పుడు గమనించాను. 88వ కీర్తనలో చివరికైనా ఒక ఓదార్పు మాట ఉంటుందని చూశాను. అది చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది. అటువంటి ప్రార్థనను దిద్దకుండా, ముగింపు అతికించకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉండనిచ్చారంటే, నా ఫిర్యాదుకు కూడా అక్కడ చోటుందని తోచింది. ఆ రోజు దేవునితో గట్టిగా పోట్లాడాను. చాలా కాలం తరువాత ఆయనతో మాట్లాడినట్లనిపించింది.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి మా వారి ఎడమ చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేశారు. అది మూసుకుపోలేదని తెలుసుకోవడానికి ప్రతి ఉదయం దానిపై వేళ్లు ఆనించి చూడాలి. లోపల తుమ్మెద తిరుగుతున్నట్లు సన్నని అదురు తగులుతుంది. ఆ అదురు తగిలినప్పుడు "స్తోత్రం" అనడంతో నా ఉదయ ప్రార్థన మళ్లీ మొదలైంది. చాలాకాలం అంతకు మించి ఒక్క మాట కూడా కలపలేదు.

2022లో స్త్రీల సమాజం మళ్లీ నాలుగవ మాటనే నాకిచ్చింది. మా వారు ఆ రోజు తెల్లవారుజాము వంతు మార్పించుకొని, చేతికి కట్టుతోనే వచ్చి వెనుక బల్లపై కూర్చున్నారు. నేను పాత కాగితాలు తీయలేదు. ప్రభువు పలికిన ఆ మాట 22వ కీర్తన మొదటి వచనమని చెప్పి, కీర్తన మొత్తం చదివాను. విడిచిపెట్టావని అంటున్నప్పుడు కూడా ఆయన "నా దేవా" అనే పిలిచాడని, నాకు అర్థమైనది అంతవరకేనని చెప్పి దిగాను. ఏడెనిమిది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికి వస్తూ ఆటోలో మా వారు, "నీకు నాలుగు ఇచ్చారు బాగానే ఉంది, ఐదోది నా సొంతం, అది వేరేవాళ్లకు ఎలా ఇచ్చారు?" అన్నారు. ఐదవ మాట "నేను దప్పిగొనుచున్నాను." నేను నవ్వి, ఆ సంగతి పాస్టరు గారికి చెప్పాను. మరుసటి సంవత్సరం ఆ మాట మా వారికే ఇచ్చారు. నీళ్ల సీసాను కూడా చేత పట్టుకొని వేదిక ఎక్కి, తన లీటరు లెక్క, రాత్రిళ్లు నాలుక మీద పెట్టుకునే ఐసు ముక్క గురించి చెప్పి, దాహం వేసిన దేవునితో తనకు మాట్లాడటం తేలికగా ఉంటుందని అన్నారు. తరువాత సీసాలో ఎంత మిగిలిందో ఎత్తి చూసుకొని, రెండు గుక్కలు తాగి, మూత బిగించి వచ్చి నా పక్కన కూర్చున్నారు.