మార్నింగ్ షో

జూన్ 29, 2025, ఆదివారం

రాత్రి వాన పడి తెల్లారేసరికి వెలిసింది. పాలు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు, నాయిన వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "పిల్ల ఇంకేమన్న పంపిందా బిడ్డా?" అని అడిగాడు.

పిల్ల అంటే మా అక్క కూతురు. ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో చదువుకుంటోంది. అక్కడ 1986 నుంచి ఏటా పాత సినిమాల పండుగ చేస్తారు. దాని పేరుకు అర్థం 'తిరిగి దొరికిన సినిమా' అట. ఈ ఏడాది పండుగ ఈరోజుతో అయిపోతుంది. వారం నుంచి పిల్ల రోజూ తాతకు ఫొటోలు పంపుతూనే ఉంది. నాయిన ఆ ఫొటోలను రెండు వేళ్ళతో పెద్దవి చేసుకుని, మనుషులను వదిలేసి వెనకాల తెర ఎంత ఉందో, ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టారో వెతుకుతుంటాడు. నలభై ఏళ్ళకు దగ్గరగా థియేటర్ ఆపరేటర్‌గా చేసిన మనిషి మరి.

మొన్న శుక్రవారం రాత్రి ఆ ఊరి నడిమధ్యన, పియాత్సా మజ్జోరే అనే పెద్ద చౌకులో, ఆరుబయట తెర కట్టి 'షోలే' వేశారు. మన షోలేనే. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు ఆ సినిమాను బాగుచేయించారు. పని జరిగింది బొలోన్యాలోని ల్యాబ్‌లోనే. అసలు కెమెరా నెగటివ్ బాగా పాడైపోతే, వేరేచోట దాచిన కాపీల నుంచి బొమ్మను మళ్ళీ తీశారట. 1975లో సెన్సార్ వాళ్ళు మార్పించిన ముగింపు కాకుండా, మొదట తీసిన ముగింపే ఇందులో ఉంది. ఠాకూర్ చేతిలోనే గబ్బర్ చస్తాడు. ఈ సంగతి చదివి వినిపిస్తే నాయిన నమ్మలేదు.

"నేను ఎన్ని ఆటలు వేసిన్నో లెక్కే లేదు. అన్నిట్ల పోలీసోళ్ళే పట్టుకపోయిండ్రు."

కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "అంటే ఆ ముక్క ఎక్కడనో డబ్బాల ఉన్నట్టే గదా, ఇన్నేండ్లు."

ఈ మాట నన్ను రోజంతా వదల్లేదు.

ఈ పొద్దున వచ్చిన ఫొటోలు మాత్రం ఒక థియేటర్‌వి. పేరు మోడెర్నిస్సిమో. ఆ చౌకు మూలనే, భూమి కింద ఉంది. మెట్లు దిగి వెళ్ళాలి. 1915లో తెరిచారు. చాలా ఏళ్ళు మూతపడి ఉంటే, ఊరి ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు పాత అందం పోకుండా బాగుచేసి 2023 నవంబరులో మళ్ళీ తెరిచారు. పిల్ల అక్కడి కార్యక్రమాల పుస్తకాన్ని పేజీ పేజీగా ఫొటో తీసి పంపింది. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ సినిమా అన్నది అందులో ఉంది. ఒకరోజు వేసింది మర్నాడు లేదు. కొన్ని నలుపు తెలుపువి, కొన్ని మూకీలు.

నాయిన అద్దాలు తుడుచుకుని అంతా చూశాడు. ఆ భాష ఒక్క ముక్క రాదు గానీ పట్టిక మాత్రం అర్థమైపోయింది. "గివి మార్నింగ్ షోలే గదా బిడ్డా" అన్నాడు.

నేను చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. నిజమే. ఇన్నాళ్ళూ ఇలాంటి థియేటర్లు యూరప్ వాళ్ళకే చెల్లుతాయని అనుకున్నాను. మనకూ ఉండేది. ప్రతి థియేటర్లో, పొద్దున పదకొండింటికి.

ఇప్పటి పిల్లలకు మార్నింగ్ షో అంటే రోజులో మొదటి ఆట, అంతే. మా చిన్నప్పుడు దాని అర్థం వేరు. మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో ఈ మూడూ కొత్త బొమ్మవి. ఉదయం ఆట వేరే బొమ్మది. పెద్ద వాల్‌పోస్టర్ పక్కన చిన్న పోస్టర్ ఒకటి ఉండేది, 'ఉదయం ఆట' అని. పదేళ్ళ కిందటి జానపదం, ఇంగ్లీషు యుద్ధం సినిమా, డబ్బింగు బొమ్మ, పాత హిందీ పాటల సినిమా. వారానికో, మూడు రోజులకో మారిపోయేవి. ప్రింట్లు అప్పటికే ఊళ్ళన్నీ తిరిగి, గీతలు పడి వచ్చేవి. అయినా జనం వచ్చేవాళ్ళు. కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలు, రాత్రి డ్యూటీ దిగిన హోటల్ పనివాళ్ళు, ఆఫీసులో పని కాలేదని తిరిగి ఊరెళ్ళే బస్సు కోసం పొద్దు పుచ్చే పల్లెటూరి మనుషులు. వాళ్ళందరి ముఖాలూ నాయిన బాక్స్ కిటికీలోంచి, అంటే ప్రొజెక్టర్ గది కిటికీలోంచి, చూసినవే.

ఆ పదకొండింటి ఆటను తక్కువ చేయకూడదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980లో వచ్చింది. స్టార్ లేడు, డ్యూయెట్లు లేవు. అలాంటి సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటగానే నెలలకు నెలలు ఆడింది. ఆ ఆట లేకపోతే దాన్ని ఎవరు వేసేవాళ్ళు, ఎక్కడ వేసేవాళ్ళు?

టిఫిన్ తింటూ ఈ మాటే అంటే నాయిన తల ఊపి, ప్లేటు పక్కకు జరిపి, బాక్స్ సంగతులు మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు. 1972లో పద్దెనిమిదేళ్ళ వయసులో రీళ్ళు తిప్పి చుట్టే కుర్రాడిగా చేరాడు. అప్పుడు లైటు అంటే కార్బన్. రెండు కడ్డీలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో మంట రగిలిస్తే ఆ వెలుగే తెర మీద పడేది. కడ్డీలు కాలిపోతున్నకొద్దీ మధ్య సందు పెరుగుతుంది. దాన్ని సరిచేస్తూ ఉండాలి. చేయి కాస్త ఆలస్యమైతే తెర పసుపుగా, మసకగా మారుతుంది, కింద ఈలలు. ఎండాకాలం ఆ గదిలో బనియను కూడా ఉంచుకోలేకపోయేవాడట. రెండు ప్రొజెక్టర్లు. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. వెంటనే రెండోదాని మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు మళ్ళీ చుక్క. అప్పుడు మార్చేయాలి. చూసేవాళ్ళకు తెలియకూడదు. ఆ తెలియకపోవడమే ఆపరేటర్ పనితనం.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. మా ఇంట్లో కాలాన్ని కూడా అట్లాగే కొలిచేవాళ్ళం. "అన్నం ఎంతసేపటికి అవుతది?" అంటే అమ్మ "రెండు రీళ్ళు ఆగు" అనేది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ కుక్కర్ పెడితే నా నోటికి ఆ లెక్కే వస్తుంది.

పదిన్నరకు నాయిన తెల్ల చొక్కా వేసుకుని తయారై కూర్చున్నాడు. "యాడికి?" అన్నాను. "ఏదన్న బొమ్మకు పోదాం పా" అన్నాడు. ఏ బొమ్మ అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. కాచిగూడ తారకరామలో మ్యాట్నీకి టికెట్లు తీశాను. ఎన్టీఆర్ కుటుంబం వాళ్ళ థియేటర్. బాగుచేసి 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. అప్పటి నుంచి నాయినను తీసుకుపోవాలని అనుకుంటూనే ఉన్నాను.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా ఆటోలో వెళ్ళాం. ఆ చౌరస్తా వచ్చిందంటే నాయిన మెడ అటూ ఇటూ తిరుగుతుంది. దేవి థియేటర్ ఉంది, సంధ్య థియేటర్ ఉంది. సుదర్శన్ 70 ఎంఎం పోయింది. తను పనిచేసిన థియేటర్ కూడా పోయింది, అక్కడిప్పుడు బట్టల షాపు. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాయిన చూసేది రెండో అంతస్తు వైపు. బాక్స్ ఉన్న చోటు అదే.

సినిమా గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సగం వరకు బాగుంది. హాలు మాత్రం నాకు నచ్చింది. మాల్ లోపల ఇరుకు తెరల్లా కాకుండా, తల ఎత్తి చూసేంత తెర. లైట్లు ఆరినప్పుడు జనమంతా ఒక్కసారిగా చప్పుడు చేశారు చూడండి, ఆ చప్పుడు ఒంటితెర థియేటర్లోనే వస్తుంది. నాయిన కాసేపు తెర చూసి, తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాడు. పైన గోడలోని ఆ చిన్న కిటికీ వైపు, అందులోంచి వస్తున్న వెలుగు వైపు. ఎంతసేపు చూశాడో. ఆయన ముఖం మీద ఆ వెలుగు లేదు, తెర నుంచి తిరిగి వచ్చే వెలుగు ఒక చెంప మీద పడుతోంది. నేను పిలవలేదు.

ఇంటర్వెల్‌లో అన్నాడు. "లైటు మంచిగుంది. అంచుల దాక ఒక్కతీరుగ పడ్తుంది." నాయిన నోట్లోంచి ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు రాదు.

బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతుంటే నా మనసులో ఉన్నది చెప్పేశాను. హాళ్ళు బాగుచేసేవాళ్ళు మనకూ ఉన్నారు. సీట్లు మారుస్తారు, సౌండ్ మారుస్తారు, డబ్బు పెడతారు. వాళ్ళకు దండం పెట్టాలి. అపార్ట్‌మెంటు కట్టుకుంటే ఎక్కువ వస్తుందని తెలిసీ థియేటర్ నడుపుతున్నారంటే మాటలు కాదు. కానీ ఆ హాల్లో ఏం వేయాలి అన్నదాన్ని బాగుచేసేవాళ్ళు కావాలి. నాలుగు ఆటలూ ఒకే బొమ్మ అయ్యాక ఆ ఎంపిక చేసే పనే లేకుండా పోయింది. హీరోల పుట్టినరోజులకు పాత సినిమాలు 4కేలో వేస్తున్నారు. కుర్రాళ్ళు కాగితాలు ఎగరేసి, పాటకు పాట పాడుతున్నారు. నాకు అది చూస్తే సంతోషమే. కాకపోతే ఆ వరసలో నలుపు తెలుపు సినిమా ఒక్కటి కూడా నా కంటపడలేదు.

వేస్తే జనం రారని అనడానికి లేదు. నిరుడు సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి 20 నుంచి 22 దాకా ఆయన సినిమాలు పదింటిని మల్టీప్లెక్సుల్లో వేశారు. ఆ పనిలోనూ ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది. నాయినను 'మాయాబజార్'కు తీసుకెళ్ళాను. 1957 నాటి సినిమా. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల చూపించిన పాటకు మా వెనక వరుసలోని కాలేజీ పిల్లలు ఫోన్లు లోపల పెట్టేశారు. నేను స్వయంగా చూశాను. నాయిన మాత్రం పాటంతా కుడివైపు పైమూలనే చూశాడు, చుక్క కోసం. ఆ మూడు రోజులు అయ్యాక మళ్ళీ ఏమీ లేదు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో సినిమాలు వేసేవాళ్ళు ఉన్నారు, ఫిల్మ్ క్లబ్బుల వాళ్ళు ఏళ్ళ తరబడి ఓపికగా వేస్తున్నారు. అవి చిన్న గదులు. నేను అడిగేది పెద్ద తెర గురించి. ఒక్క థియేటర్, వారానికి ఒక్క ఉదయం ఆట.

"అడుగుతవ్ సరే, ప్రింటేది?" అన్నాడు నాయిన.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మన మొదటి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. వెండి కోసం కరిగించిన రీళ్ళు ఎన్నో. మిగిలినవాటికి ఎండ, తేమ తగిలితే ఫిల్మ్ మెలితిరిగి వెనిగర్ వాసన వేస్తుంది. నాయిన దాన్ని 'పులిసిన వాసన' అంటాడు. థియేటర్ మూసిన రోజు స్టోరు గదిలో మూడు డబ్బాలు దొరికాయట. మూత తీస్తే ఆ వాసనే. ఏ సినిమావో లేబుల్ చిరిగిపోయింది. పాత ఇనుము వాడు డబ్బాలు తూకం వేసి తీసుకుపోయాడు. లోపలి ఫిల్మ్ అక్కడే పారబోశాడు. ఈ సంగతి నాయిన ఈరోజే మొదటిసారి చెప్పాడు. చెప్పి, చాయ్ కప్పు పెట్టేసి, లేచాడు.

రాత్రి అన్నాలు తిన్నాక చూస్తే నాయిన గోడ మీది క్యాలెండర్‌లో జూన్ పేజీ చింపుతున్నాడు. ఇంకా ఒకరోజు ఉంది కదా అంటే వినలేదు. దాన్ని తిరగేసి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, పట్టిక వేశాడు. సోమవారం జానపదం. మంగళవారం హిందీ. బుధవారం ఇంగ్లీషు. గురువారం డబ్బింగు. శుక్రవారం పౌరాణికం. శనివారం పిల్లలది. ఆదివారం నలుపు తెలుపు సాంఘికం, "ఇంటిల్లిపాది వస్తరు గదా" అని. ప్రతిదాని పక్కన సినిమా పేరు, దాని పక్కన ఎన్ని రీళ్ళో. పదహారు, పద్దెనిమిది, పదిహేడు. అన్నీ తలలోంచే.

ఫొటో తీసి పిల్లకు పంపాను. తాత ప్రోగ్రామ్ అని రాశాను. అక్కడ ఇంకా సాయంత్రమే, పండుగ ఆఖరి సినిమాలకు లైనులో నిలబడి ఉందట. వెంటనే జవాబు పెట్టింది. "చిన్నమ్మా, గురువారం దగ్గర రీళ్ళ లెక్క లేదేంటి?"

నాయినకు చదివి వినిపించాను. కాగితం దగ్గరికి తీసుకుని చూశాడు. "యాదికొస్తలేదు. పొద్దున చెప్తా అను" అన్నాడు. లైటు ఆపి చాలాసేపయింది. గదిలోంచి ఇంకా గొణుగుడు వినిపిస్తోంది, పద్నాలుగా, పదిహేనా అని.